థైరాయిడ్ నార్మల్‌కి వచ్చినా పొద్దున్నే కళ్లు గరగర

గ్రేవ్స్ (థైరాయిడ్ అతిగా పనిచేసే, కళ్లనీ దెబ్బతీయగల జబ్బు) ఉండి, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) నార్మల్‌కి వచ్చినా, కంటి చుక్కలు వేస్తున్నా, లేవగానే కళ్లలో ఇసుక పడ్డట్టు ఉందంటే ముందు అనుమానించాల్సింది రెప్పల్నే. నిద్రలో అవి పూర్తిగా మూసుకోక కంటి పైపొర ఆరిపోతుంది.

1. మీరు నిద్రపోయాక రెప్పల మధ్య తెల్లగుడ్డు సన్నని గీతలా కనిపిస్తుందేమో ఇంట్లోవాళ్లని చూడమనండి. ఫోన్‌లో ఫొటో తీయించి డాక్టర్‌కి చూపించండి. అందరూ వదిలేసేది ఇదే. క్లినిక్‌లో మెలకువగా కూర్చున్న మనిషిని చూస్తే ఇది తెలియకపోవచ్చు.

2. పగటి చుక్కలు రాత్రంతా నిలవవు. పడుకునే ముందు వేసుకునే కంటి ఆయింట్‌మెంట్ రాయమని అడగండి.

3. విజయవాడ ఉక్కపోతలో ఫ్యాన్ ఆపమంటే ఎవరూ వినరు. గాలి నేరుగా ముఖానికి తగలకుండా మంచం కాస్త పక్కకు జరపండి.

4. సిగరెట్ అలవాటుంటే మానేయాల్సిందే.

రంగులు వెలిసినట్టున్నా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.