ట్రిగ్గర్ నొక్కగానే ప్యాక్ ఆగిపోతోందా? బోర్డు మార్చే ముందు సెల్స్ కొలవండి

అన్నా, మీ సమస్య నాకు అర్థమైనంత వరకు ఇదీ. పాత 18 వోల్టుల డ్రిల్ ప్యాక్ విప్పి, 2600 ఎంఏహెచ్ (సెల్‌లో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) సెల్స్ పది వేసి, 30 ఆంప్స్ అని రాసున్న 5ఎస్ బీఎంఎస్ బోర్డు, అంటే వరసలో ఉన్న ఐదు సెల్ గ్రూపులకి కాపలా కాసే బోర్డు, కలిపారు. ఉత్తినే తిప్పితే డ్రిల్ తిరుగుతోంది. చెక్కకు ఆనించి నొక్కితే రెండు సెకన్లలో ఆగిపోతోంది. చార్జర్‌కు ఒకసారి తగిలించి తీస్తే మళ్లీ బతుకుతోంది. బోర్డు పోయిందా, మార్చాలా అని అడిగారు.

ఇప్పుడే మార్చకండి. సరిగ్గా ఇదే పరిస్థితిలో నేను రెండుసార్లు బోర్డు మార్చాను. మూడోది కూడా ఆగాక గానీ అసలు దొంగ ఎవరో నాకు తెలియలేదు.

నేను యూపీఎస్, ఇన్వర్టర్ల సర్వీసు చేస్తాను. మా బావది కుషాయిగూడలో మాడ్యులర్ కిచెన్ల పని. ఆయన డ్రిల్ బ్యాటరీ పోతే, కొత్త ప్యాక్ ధరకి ఇంకొంచెం వేస్తే కొత్త డ్రిల్లే వచ్చేలా ఉంది. సెల్స్ మారిస్తే పోలా అన్నాను. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి తీసినవి నా దగ్గర డబ్బా నిండా ఉన్నాయి. కెపాసిటీ కొలిచి, ఒక్కోటి 2200 పైన చూపించినవి పది ఏరాను. కోఠి గుజరాతీ గల్లీలో బోర్డు కొన్నాను. రాత్రి కూర్చుని బిగించి, ఉత్తినే తిప్పి చూస్తే శబ్దం కమ్మగా ఉంది. మర్నాడు పదకొండింటికి సైటు నుంచి ఫోను. “ఏమయ్యా ఇంజనీర్ సాబ్, స్క్రూ సగం దిగి ఆగిపోతంది. మిగతా సగం దింపనీకి నువ్వస్తవా?”

నేను చూసింది కెపాసిటీ ఒక్కటే. సెల్‌లో ఎంత చార్జ్ పడుతుందన్నది ఒక లెక్క, దాన్ని ఎంత జోరుగా బయటికి ఇవ్వగలదన్నది వేరే లెక్క. వెయ్యి లీటర్ల ట్యాంకుకు అరంగుళం పైపు బిగిస్తే ట్యాంకు నిండా నీళ్లున్నా కింద ధార సన్నగానే వస్తుంది. ఆ పైపు సన్నదనమే సెల్ లోపలి రెసిస్టెన్స్. మా వాళ్లు ఐఆర్ అంటారు, మిల్లీ ఓముల్లో కొలుస్తారు.

మీ ప్యాక్‌కే లెక్క వేద్దాం. పది సెల్స్ అంటే 5ఎస్2పి, అంటే రెండేసి సెల్స్ జంటగా ఐదు గ్రూపులు వరసలో. చెక్కలో గట్టిగా దిగేటప్పుడు డ్రిల్ 25 ఆంప్స్ లాగిందనుకోండి. ఒక్కో సెల్ మీద పన్నెండున్నర పడుతుంది. ల్యాప్‌టాప్ రకం సెల్ ఐఆర్ 70 మిల్లీ ఓములు అనుకుంటే, 12.5 ఇంటూ 0.07, దాదాపు 0.87 వోల్టులు సెల్ లోపలే పడిపోతాయి. విడిగా 3.6 చూపించే సెల్ లోడ్ పడగానే 2.7కి జారుతుంది. ఇలాంటి బోర్డుల్లో చిప్ మామూలుగా 2.5కీ 2.8కీ మధ్య ఎక్కడో కటాఫ్ చేస్తుంది. అంటే బోర్డు తన పని తాను చేస్తోంది, మనమే దాన్ని తిడుతున్నాం. అదే పవర్ టూల్స్ కోసం చేసిన సెల్, ఉదాహరణకు శామ్‌సంగ్ 25ఆర్, కెపాసిటీ 2500 మాత్రమే. మీ 2600 కన్నా తక్కువే. కానీ ఆగకుండా 20 ఆంప్స్ ఇవ్వడానికి చేసింది, ఐఆర్ 20 చుట్టుపక్కల ఉంటుంది. అదే లోడ్‌కి పడేది పావు వోల్టు.

ఇంకో మాట. బోర్డు మొత్తం 18 వోల్టుల్ని చూడదు, ఒక్కో గ్రూపునీ విడిగా చూస్తుంది. నాలుగు గ్రూపులు బంగారంలా ఉన్నా ఐదోది 2.6కి పడితే మొత్తం ప్యాక్ ఆగుతుంది. అందుకే మొత్తం వోల్టేజీ కొలిచి “20 ఉంది కదా” అనుకుంటే ఏమీ తేలదు.

కొలిచే పద్ధతి చెప్తాను, ఇద్దరు ఉండాలి. ఒకరు డ్రిల్ పట్టుకుని గట్టి చెక్కలో దింపాలి. ఇంకొకరు మీటరుతో పక్కపక్క ట్యాప్‌ల (ఒక్కో గ్రూపు నుంచి బోర్డుకి వచ్చే సన్న వైర్ల పిన్నుల) మధ్య చూడాలి: సెల్స్ వరసకి మైనస్ కొస అయిన బి మైనస్‌కీ బి1కీ, బి1కీ బి2కీ, అలా ఐదు. మీటర్లో మినిమం పట్టుకునే బటన్ ఉంటే అది నొక్కండి, కంటికి అందనంత త్వరగా పడుతుంది. ప్రోబ్ మొనకి ట్యూబింగ్ తొడిగి కొస మాత్రం బయట ఉంచండి. అది జారి పక్క పిన్నుకి తగిలితే నిప్పురవ్వ తప్పదు.

ఐదూ కలిసి కిందికి జారుతున్నాయా? సెల్స్ ఈ పనికి పనికొచ్చే రకం కాదు. మీరు 2600 అని రాశారు కాబట్టి అవి ల్యాప్‌టాప్ రకమే అని నా అనుమానం. ఒక్కటే జారుతోందా? ఆ గ్రూపులో ఒక సెల్ పోయి ఉండాలి, లేదా వెల్డింగ్ ఊడి ఉండాలి. ఈ రెండింటినీ విడదీయడం తేలిక. అదే లోడ్‌లో సెల్స్‌ని కలిపే నికెల్ పట్టీ మీద కాకుండా సెల్ సొంత కొసల మీద ప్రోబ్స్ పెట్టండి. సెల్ మీద 3.3 ఉండి ట్యాప్ దగ్గర 2.7 ఉంటే సెల్ మంచిదే, మధ్యలో పట్టీ తినేస్తోంది. మా బావ ప్యాక్‌లో రెండు జబ్బులూ ఉన్నాయి. నికెల్ అని నాకు అమ్మిన పట్టీ నికెల్ పూత పూసిన ఇనుము. అయస్కాంతంతో పట్టుకుందామంటే కుదరదు, అసలు నికెల్ కూడా అతుక్కుంటుంది. ముక్కని గీకి ఉప్పునీళ్లలో రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు బయటపడింది. అసలైనదైనా 0.15 మిల్లీమీటర్ల మందం, 8 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ ఒంటరిగా డ్రిల్ కరెంటు మోయలేదు. గ్రూపుల మధ్య రెండు మూడు పొరలు వేయండి.

ఐదు గ్రూపులూ 3.2 పైన నిలబడి, అయినా ఆగుతోందంటే అప్పుడు బోర్డు మీద అనుమానం న్యాయం. అది ఓవర్ కరెంట్ కటాఫ్. బిట్ ఇరుక్కున్న క్షణంలో మోటారు మామూలు కంటే కొన్ని రెట్లు లాగుతుంది. బోర్డు మీద అచ్చేసిన 30కీ దాని మాస్‌ఫెట్లు (కరెంటుని కోసే స్విచ్చుల్లాంటి చిప్‌లు) వేడెక్కకుండా మోసే కరెంటుకీ పొంతన ఉండాలని లేదు. ప్యాక్‌ని డ్రిల్ నుంచి పూర్తిగా ఊడదీసి పది సెకన్లు ఆగి పెట్టండి. చార్జర్ అక్కర్లేకుండానే బతికితే ఓవర్ కరెంట్ వైపు మొగ్గు. బోర్డును బట్టి ఇది మారుతుంది, కాబట్టి దీన్నే తీర్పు అనుకోవద్దు.

చాలామంది ఇక్కడ ఇచ్చే సలహా: డ్రిల్ వైరు నేరుగా సెల్స్‌కి ఇచ్చేసి, బోర్డుని చార్జింగ్‌కి మాత్రమే ఉంచమని. దీన్ని పూర్తిగా కొట్టిపారేయను. పెద్ద బ్రాండ్ల ప్యాకులు కొన్నింటిలో లోపలి బోర్డు అసలు కరెంటుని కోయదు. సెల్స్‌ని గమనిస్తూ మూడో టెర్మినల్ ద్వారా టూల్‌కి చెప్తుంది, ఆపేది టూలే. మీ డ్రిల్ అలా తనంతట తాను ఆగే రకమైతే మధ్యలో ఫ్యూజు పెట్టి చేయొచ్చు. సాదా డ్రిల్ అయితే వద్దు. సెల్స్ ఒకటిన్నర వోల్టుకి దిగినా అది తిరుగుతూనే ఉంటుంది. అంత కిందికి దిగిన సెల్‌ని మళ్లీ చార్జ్ చేయడమే ప్రమాదం.

వైరింగ్ సరిగా ఉందా అని కూడా అడిగారు కాబట్టి అదీ చెప్తాను. ప్యాక్ పనిచేస్తోందంటే ట్యాప్‌లు సరిగానే పడి ఉంటాయి, కానీ సెల్స్ మార్చేటప్పుడు మళ్లీ విప్పుతారు కదా. నా మొదటి బోర్డుకి ఈ పనిలోనే పొగ వచ్చేది, కాస్తలో తప్పింది: బి2, బి3 వైర్లు తారుమారు చేశాను. గుచ్చే ముందు అలవాటుగా మీటరు పెట్టాను కాబట్టి బతికింది. నల్ల ప్రోబ్ బి మైనస్ మీద ఉంచి, ఎర్రది ఒక్కో పిన్ను మీదికి జరుపుతూ వెళ్లండి. 3.6, 7.2, 10.8, 14.4, 18 అని మెట్లెక్కినట్టు రావాలి. నాకు 10.8 తర్వాత 7.2 వచ్చింది. ముందు బి మైనస్ కలిపి, తర్వాత ట్యాప్‌లు కింది నుంచి పైకి, ఆఖరున బి ప్లస్. డ్రిల్‌కి వెళ్లే మైనస్ తప్పనిసరిగా పి మైనస్ (బోర్డు దాటి బయటికి వచ్చే మైనస్) నుంచే పోవాలి. బి మైనస్ నుంచి తీస్తే డ్రిల్ ఎప్పుడూ ఆగదు, మీకూ సంతోషంగా ఉంటుంది, కాపలా మాత్రం ఉండదు. కొత్తగా కలిపాక పి వైపు వోల్టేజీ రాకపోతే కంగారు పడకండి, చాలా బోర్డులు మొదటిసారి చార్జర్ తగిలితేనే లేస్తాయి.

సోల్డరింగ్ ఐరన్ సెల్ మీద పెట్టొద్దు. వైరుని ముందే పట్టీ కొసకి అతికి, తర్వాత పట్టీని స్పాట్ వెల్డింగ్ చేయాలి. సొంత వెల్డర్ లేకపోతే ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీలు కట్టేవాళ్లు చేసి పెడతారు, నేనూ అలాగే చేయించుకున్నాను. ప్లస్ వైపు కాగితపు రింగు మరవొద్దు. ఆ బొడిపె చుట్టూ కనిపించే అంచు మైనస్. పైనున్న పల్చటి ప్లాస్టిక్ చిరిగితే పట్టీయే షార్ట్ చేస్తుంది.

బోర్డు గ్రూపుల చార్జ్‌ని సమం (బ్యాలెన్స్) చేస్తుందిలే అని సెల్స్‌ని కలగాపులగంగా వేయకండి. ఈ చిన్న బోర్డులు బ్యాలెన్స్‌కి కొన్ని పదుల మిల్లీ ఆంప్స్ మాత్రమే వదులుతాయి. 250 ఎంఏహెచ్ తేడా ఉంటే, 50 మిల్లీ ఆంప్స్ చొప్పున ఐదు గంటలు పడుతుంది. అంతసేపు చార్జర్‌లో ఎవరూ ఉంచరు. వెల్డింగ్‌కి ముందే ఒక్కో సెల్‌ని 4.2 దాకా నింపి, రెండు రోజులు పక్కన పెట్టి, వోల్టేజీ జారినవి తీసేయండి.

పవర్ సెల్స్ కొనేటప్పుడు కౌంటర్ దగ్గరే ఐఆర్ చూపించమనండి. అందుకు నాలుగు వైర్ల మీటరు కావాలి, మామూలు మల్టీమీటర్‌ని ఓముల్లో పెట్టి సెల్‌కి తగిలిస్తే లాభం లేదు, మీటరే పోవచ్చు. సెల్‌ని చేత్తో తూచి చూడండి, అసలైనది 45 గ్రాముల దగ్గర్లో ఉంటుంది. 9900 ఎంఏహెచ్ అని రాసుంటే మాట్లాడకుండా వెనక్కి ఇచ్చేయండి. 18650 అనే ఈ సైజు సెల్‌లో అందులో సగం కూడా పట్టదు.

చార్జర్ సంగతి మీరు రాయలేదు. 5ఎస్‌కి సరిగ్గా 21 వోల్టుల లిథియం చార్జర్ కావాలి. మీ పాత ప్యాక్‌లో 15 సెల్స్ వరసగా ఉండి ఉంటే అది నికెల్ క్యాడ్మియం లేదా నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం, దాని చార్జర్ దీనికి పెట్టనే వద్దు. బీఎంఎస్ చార్జర్ కాదు. 4.25 దగ్గర కోయడం దాని ఆఖరి ప్రయత్నం, రోజూ దాని మీద భారం వేయకూడదు. ప్యాక్‌లో టెంపరేచర్ సెన్సర్ ఉంటే దాన్ని సెల్స్‌కి ఆనించి అతికించండి. దాని బదులు 10 కిలో ఓముల రెసిస్టర్ పెట్టి చార్జర్‌ని మోసం చేసే చిట్కా తిరుగుతూ ఉంటుంది. మన మే నెల ఎండల్లో రేకుల షెడ్డులో పని చేసిన ప్యాక్ వేడిగా ఉండగానే చార్జింగ్‌లో పెడతారు. చాలా సెల్స్‌కి చార్జింగ్ హద్దు 45 డిగ్రీలు. మోసపోయిన చార్జర్‌కి అది తెలిసే దారి లేదు.

మొదటి చార్జింగ్ బాల్కనీలో, సిమెంటు గచ్చు మీద, మీరు మెలకువగా ఉండగా చేయండి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో, హోటల్ కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి ఎనిమిది మంది పోయారు. అప్పట్నుంచి మా ఇంట్లో రాత్రిపూట ఏ ప్యాకూ చార్జింగ్‌లో ఉండదు, మా ఆవిడ ఉండనివ్వదు. తీసేసిన పాత సెల్స్ కొసలకి టేపు చుట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి, చెత్త బండిలో వేయకండి.

బావ డ్రిల్‌కి చివరికి పవర్ సెల్స్ పది వేసి, మంచి పట్టీతో మళ్లీ కట్టాను. బోర్డు మాత్రం కొత్తది కాదు. పాడైందని మొదట పీకి డబ్బాలో పడేసినదే పెట్టాను. ఏడాదిన్నర దాటింది, ఇప్పటికీ అదే ఉంది. డబ్బాలో రెండు కొత్త బోర్డులు మిగిలాయి.

మీ ఐదు గ్రూపుల లెక్కలు, ఖాళీగా ఉన్నప్పుడు ఎంత, లోడ్‌లో ఎంత అని, సెల్ మీద అచ్చేసిన మోడల్ నంబరుతో సహా కింద రాయండి. చూసి చెప్తాను.