కారులో బాస్ శబ్దం ఎందుకు పగులుతుంది?

ప్రశ్న: నా పాత కారు డిక్కీలో ఈమధ్యే 12 అంగుళాల సబ్‌వూఫర్ (బాస్, అంటే లోతైన దరువు వినిపించే స్పీకర్), దానికి విడిగా ఒక యాంప్లిఫయర్ పెట్టించాను. సబ్‌వూఫర్ మీద 300 వాట్ల ఆర్ఎంఎస్ (ఎడతెగకుండా తట్టుకునే శక్తి) అనీ, 4 ఓమ్‌ల కాయిళ్లు రెండనీ రాసి ఉంది. వాల్యూమ్ సగం వరకు బాగానే ఉంటుంది. ఆపైన దరువు పడిన ప్రతిసారీ గరగరమంటోంది, హెడ్‌లైట్లు కూడా మందగిస్తున్నాయి. బిగించినవారు సబ్‌వూఫర్ పాడైందని, మరింత పెద్దది కొనమని అంటున్నారు. కొనమంటారా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇప్పుడే కొనవద్దు. సగం వాల్యూమ్ వరకు శుభ్రంగా మోగుతున్న సబ్‌వూఫర్ పాడైందని పరీక్షించకుండా తేల్చడం సరికాదు. మీరు చెప్పిన లక్షణాలు సబ్‌వూఫర్‌కు చేరుతున్న సిగ్నల్ వైపు, కరెంటు వైపు చూపుతున్నాయి.

యాంప్లిఫయర్ తన శక్తికి మించి వోల్టేజీ ఇవ్వలేదు. అంతకన్నా ఎక్కువ అడిగితే శబ్దతరంగం పైకొన, కిందికొన తెగిపోయి చదునవుతాయి. దీన్నే క్లిప్పింగ్ అంటారు. మీరు వింటున్న గరగర చాలావరకు ఇదే కావచ్చు. ఇది చెవికి ఇబ్బందితో ఆగదు. తెగిన తరంగం కాయిల్‌ను మామూలుకన్నా ఎక్కువగా వేడెక్కిస్తుంది కనుక, ఇలాగే కొనసాగిస్తే బాగున్న సబ్‌వూఫర్ కూడా కాలిపోతుంది. పెద్దది కొన్నా అదే గతి.

ముందుగా ఫోన్‌లోని ఈక్వలైజర్, స్టీరియోలోని లౌడ్‌నెస్, యాంప్లిఫయర్ మీది బాస్ బూస్ట్ మూడింటినీ పూర్తిగా తీసేయండి. బాస్‌ను 6 డెసిబెల్స్ పెంచాలంటే నాలుగు రెట్ల శక్తి కావాలి, అంటే 100 వాట్లు చాలిన చోట 400 వాట్లు. మూడు చోట్లా కాస్తకాస్త పెంచినా భారం ఎంతవుతుందో ఊహించవచ్చు. తర్వాత యాంప్లిఫయర్ గెయిన్‌ను బాగా తగ్గించి, స్టీరియో వాల్యూమ్ పెంచి వినండి. అప్పుడూ శబ్దం చెడితే లోపం స్టీరియోలోనో, ఫోన్‌లోని పాట ఫైలులోనో ఉండవచ్చు.

గెయిన్ విషయంలోనే చాలామంది పొరబడుతున్నారు. అది వాల్యూమ్ మీట కాదు. స్టీరియో ఇచ్చే వోల్టేజీకి యాంప్లిఫయర్‌ను సరిపోల్చే మీట. దాన్ని మల్టీమీటర్‌తో సరిచేయవచ్చు. సబ్‌వూఫర్ వైర్లు విప్పి, స్టీరియోను శబ్దం చెడని గరిష్ఠ వాల్యూమ్‌లో ఉంచి, 50 హెర్ట్జ్ టోన్ మోగిస్తూ, యాంప్లిఫయర్ అవుట్‌పుట్ దగ్గర ఏసీ వోల్టేజీ చూడాలి. వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే ఎంత రావాలో తెలుస్తుంది. మీ రెండు కాయిళ్లను సమాంతరంగా కలిపితే 2 ఓమ్‌లు అవుతాయి కనుక, 300 వాట్లకు సుమారు 24.5 వోల్టులు. యాంప్లిఫయర్ ఆర్ఎంఎస్ శక్తి అంతకన్నా తక్కువైతే దాని లెక్కే తీసుకోండి. అది 2 ఓమ్‌ల లోడ్‌ను భరిస్తుందో లేదో దాని కాగితాల్లో తప్పక చూడండి.

ఇక హెడ్‌లైట్ల సంగతి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర సాధారణంగా 13.5 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. పాట మోగుతుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, యాంప్లిఫయర్ టెర్మినళ్ల దగ్గర ఒకసారి కొలవండి. తేడా అర వోల్టు దాటితే వైరు సన్నదైనా అయి ఉండాలి, ఎర్త్ సరిగా లేకనైనా పోవాలి. ఎర్త్ వైరు పొట్టిగా ఉండి, రంగు గీకిన ఒట్టి ఇనుము మీద గట్టిగా బిగిసి ఉండాలి. రంగు మీదే బోల్టు వేసిన పని నేను తరచుగా చూస్తుంటాను. రాగి పూత పూసిన అల్యూమినియం వైరును మంచి రాగి వైరని అమ్మడం కూడా ఉంది. బ్యాటరీ దగ్గరే అంతంత పడిపోతుంటే బ్యాటరీని, ఆల్టర్నేటర్‌ను చూపించాలి. బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు లేకపోతే మాత్రం వెంటనే పెట్టించండి. అది అగ్నిప్రమాదానికి సంబంధించిన విషయం.

సబ్‌వూఫర్‌కు బాస్‌ను మాత్రమే పంపే లో-పాస్ ఫిల్టర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర ఉంచండి. తలుపుల్లోని చిన్న స్పీకర్లకు బాస్‌ను ఆపే హై-పాస్ ఫిల్టర్ లేకపోతే అవే గరగరమంటూ ఉండవచ్చు. నంబర్ ప్లేటు, డిక్కీ మూత అదిరినా అలాగే వినిపిస్తుంది, చేత్తో అదిమితే తెలిసిపోతుంది.

ఇవన్నీ చూశాకే సబ్‌వూఫర్‌ను అనుమానించండి. సిస్టమ్ ఆపి, కోన్‌ను రెండు వైపులా వేళ్లతో సమానంగా, మెల్లగా లోపలికి నొక్కండి. గీసుకుంటున్న చప్పుడు వచ్చినా, కాలిన వాసన ఉన్నా కాయిల్ దెబ్బతిన్నట్టే. 4 ఓమ్‌ల కాయిల్ మీటరులో 3 నుంచి 4 మధ్య చూపడం మామూలే. రెండింటిలో ఏదైనా అసలు చూపకపోతే తెగిపోయిందని అర్థం. అప్పుడైనా అదే సైజుది కొంటే చాలు.