అమ్మణ్ణికి, పాత రిజిస్టర్ల గురించి

తిరుపతి

చిరంజీవి అమ్మణ్ణికి పెద్దనాయన ఆశీర్వదించి రాయునది.

నువ్వు ఎండాకాలం సెలవులకు ఊరికొచ్చి మన చర్చి చరిత్ర రాస్తావని, రికార్డులన్నీ ఫోటోలు తీసి నెట్లో పెడతావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. రాత్రి నిద్ర పట్టలేదు. మొదట సంతోషంతోనే. మనింటి ఆడబిడ్డ ఆ బీరువా తెరవబోతోంది గదా అని. ఒంటిగంట దాటాక మాత్రం భయం పట్టుకుంది. ఇవి ఫోన్లో చెప్పే మాటలు కావు, అందుకే కాగితం తీసుకున్నాను.

పాస్టరయ్యగారి దగ్గర, కమిటీ దగ్గర అనుమతి రాతలో తీసుకో. పుస్తకం ఏదీ గుడి గడప దాటకూడదు. చేతులు కడుక్కుని, బాగా ఆరాక ముట్టుకో. చిరిగినచోట సెల్లోటేపు వద్దు, లామినేషన్ మాట ఎత్తొద్దు. ఫ్లాష్ వెయ్యకుండా కిటికీ వెలుతురులో ఫోటో తియ్యి. అట్ట లోపలివైపు, ఖాళీ పేజీలు కూడా వదలకు.

అందరూ మొదట బాప్తిస్మం రిజిస్టరు అడుగుతారు. నువ్వు ముందు మినిట్సు పుస్తకం, అంటే సంఘ కూటాల్లో జరిగింది రాసిపెట్టే పుస్తకం, తెరువు. మనది పెద్దల పాలనతో పెరిగిన సంఘం. ఈ పద్ధతిని ప్రెస్బిటీరియన్ అంటారు. ఆ మాటే పెద్ద అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. మన ప్రాంతానికి వచ్చినవాళ్లు అమెరికా రిఫార్మ్డ్ చర్చివాళ్లు. పేరు వేరైనా వాళ్ల పద్ధతీ అదే. స్కడర్ అన్నదమ్ములు 1853లో ఆర్కాటు మిషన్ మొదలుపెట్టారు. 1863లో ఛాంబర్లేన్ దొర మదనపల్లెలో దిగాడు. ఇవి అచ్చు పుస్తకాల్లో నీకు దొరుకుతాయి. మన ఊళ్లో పిడికెడు బియ్యం ఎవరు వసూలు చేశారు, పెంకులకు డబ్బు చాలక ఎవరు మేకను అమ్మి ఇచ్చారు, ఎవరి గొడవ మూడు కూటాలదాకా తెగలేదు, ఇవన్నీ ఆ మినిట్సులోనే ఉంటాయి. సంఘం 1908లో దక్షిణ భారత ఐక్య సంఘంలోను, 1947 సెప్టెంబరు 27న సీఎస్ఐలోను, అంటే దక్షిణ ఇండియా సంఘంలోను, కలిసింది కాబట్టి పుస్తకాల మీద పేర్లు మారుతుంటాయి. పేరు మారిందని వేరే సంఘం అనుకోకు.

ఊరి పేరు ఎక్కడ వెతకాలన్నది కూడా చూసుకో. 1911 ఏప్రిల్ దాకా చిత్తూరు జిల్లాయే లేదు. మన మదనపల్లె అప్పుడు కడప జిల్లాలో ఉండేది. చిత్తూరేమో ఉత్తర ఆర్కాటుకు ముఖ్య పట్టణం. సంవత్సరాల పేర్లతో కూడా జాగ్రత్త. ధాత అని ఉంటే అది కరువు నాటి 1876 కావచ్చు, అరవై ఏళ్ల తర్వాతి 1936 కావచ్చు. సిరా, చేతిరాత, పక్క పేజీ చూసి గానీ తేల్చకు. ఇక్కడ దొరకనివి బెంగళూరు యునైటెడ్ థియోలాజికల్ కాలేజీ ఆర్కైవ్స్‌లో అడుగు. సీఎస్ఐ పాత కాగితాలు అక్కడున్నాయి.

ఇక నేను చెప్పాల్సింది చెబుతాను. మీ నాయనకు కూడా పూర్తిగా తెలియదు.

నాకప్పుడు ముప్పై నిండలేదు. బాప్తిస్మం రిజిస్టరు కింది అంచులు చెద తినేసింది. నీ రాత ముత్యాల్లా ఉంటుంది, నువ్వే కొత్త పుస్తకంలోకి ఎత్తి రాయి అన్నారు సంఘపెద్దలు. గర్వంగా ఒప్పుకున్నాను. మూడు నెలలు, బడి వదిలాక గుడి వసారాలో కూచుని రాశాను. స్కేలుతో గళ్లు గీశాను: తేదీ, పేరు, తండ్రి పేరు, ఊరు, బాప్తిస్మమిచ్చినవారు. అయిదు గళ్లు.

పాత పుస్తకంలో గళ్లకు పక్కన, అంచు మీద, ఉపదేశులు చిన్నచిన్న అక్షరాల్లో చాలా రాసిపెట్టారు. అక్కడక్కడా అరవంలో కూడా. ఫలానామె పాత పేరు ఇది. ఈయన ఫలానా వారింట్లో పాలేరు. ఈ బిడ్డ తల్లి కరువులో పోయింది. ఫలానావారు సంస్కారం నుండి ఆపబడిరి, రెండేళ్లకు తిరిగి చేర్చుకొనబడిరి. సంస్కారమంటే గుడిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభు భోజనం. వాటికి నా పుస్తకంలో గడి లేదు. కొన్ని సిగ్గుపడాల్సిన సంగతులని, మనవళ్లు చదివితే బాధపడతారని వదిలేశాను. మిగతావి అనవసరమని వదిలేశాను. పేర్లు కూడా దిద్దాను. యేశేపు అని ఉన్నచోట యోసేపు, సాలమ్మ అని ఉన్నచోట సాలోమి. నేను మంచిపనే చేస్తున్నానని మనసారా నమ్మాను, అమ్మణ్ణీ.

పని అయ్యాక క్రిస్మస్ సున్నాలు వచ్చాయి. చెదలు కొత్త పుస్తకానికి ఎక్కుతాయని, పాతదాన్ని నా చేత్తోనే తీసుకుపోయి గుడి వెనక చెత్తతోపాటు కాల్చేశాను. ఎవరూ వద్దనలేదు.

పదేళ్లో పన్నెండేళ్లో గడిచాయి. కోలారు బంగారు గనుల దగ్గర్నుంచి ఒక ముసలామె వచ్చింది. పక్కన కొడుకు. వాళ్లమ్మ మన ఊరి నుంచే గనులకు పోయిందట. చనిపోయేముందు పుట్టిల్లు ఎవరిదో తెలుసుకోమందట. ఆమెకు తెలిసింది ఒక్కటే, తల్లికి బాప్తిస్మానికి ముందున్న పేరు. అది గంగమ్మ పేరు. ఎక్కడైనా ఉందేమో చూడు నాయనా, అంది.

ఉంది. అంచు మీద ఉండింది. నేను చదివాను. ఎడమవైపు పేజీలో, నీలం సిరాతో రాసి ఉండింది. అది ఎవరి పేరు పక్కన ఉందో మాత్రం గుర్తు రాలేదు. నా పుస్తకంలో ఆ కాలానికి ముగ్గురు మరియమ్మలున్నారు, మూడు వేర్వేరు ఇండ్లవాళ్లు. ఆమెకు చదువు రాదు. వీటిలో ఒకటి మీ అమ్మది అయ్యుండొచ్చు అన్నాను. ఆమె ఒక్కొక్క వరుస మీద చెయ్యి పెట్టి, మూడింటి మీదా పెట్టి, కాసేపు అట్లాగే ఉండి వెళ్లిపోయింది. నేను కాల్చేశానని ఆమెకు చెప్పలేకపోయాను.

అందుకే చెబుతున్నాను. నువ్వు టైపు చేసేటప్పుడు కంప్యూటర్లో గళ్లు గీస్తావు. ఆ గళ్లలో పట్టనిది వచ్చినప్పుడు వదిలెయ్యకు. తప్పులు తప్పులుగానే ఉంచు. కొట్టివేతలు కూడా రాసుకో. చదవలేకపోతే చదవలేకపోయానని రాయి. ఊహించి పూరించొద్దు.

నెట్లో పెట్టడం సంగతి వేరు. ఇక్కడ కోప్పడుతున్నానని అనుకున్నా ఫర్వాలేదు, పెట్టొద్దు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గానీ క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లను బీసీ-సీలో, అంటే వెనకబడిన తరగతుల్లో సీ గుంపులో, పెట్టారు. ఒకే ఇంట్లో అన్న గుడికి వస్తాడు, తమ్ముడు రాడు. ఎప్పుడో తాతకు నీళ్లు చల్లిన కాగితం చూపించి ఎవరైనా ఆ మనవడి సర్టిఫికెట్టు మీద అర్జీ పెడితే? ఆ పిల్లవాడి ఉద్యోగం, పెళ్లి, ఊళ్లో బతుకు ఏమవుతాయి? రిజిస్టరు చూసి ఎవరు ఎవరో తేల్చే హక్కు మనకు లేదు. సంస్కారం ఆపిన సంగతులూ అంతే. అన్నీ రాసుకో, అన్నీ దాచు. ఒక ప్రతి గుడిలో, ఒకటి నీ దగ్గర, ఒకటి పాస్టరయ్యగారు చెప్పినచోట. వచ్చి అడిగినవాళ్లకు వాళ్లింటివారి వరుస చూపించు. ఊరందరికీ చదివి వినిపించాలంటే పెంకుల కథ, మేక కథ చాలు.

సమాధుల దొడ్డికి మధ్యాహ్నం పోవద్దు, పాములుంటాయి. చెప్పులు కాదు, బూట్లు వేసుకో. నీళ్లు తాగు. చిన్నప్పుడు ఎండకు నీకు ముక్కులో నెత్తురు వచ్చేది, నేను తడిగుడ్డ పట్టుకుని రాత్రంతా కూచున్నాను, నీకు గుర్తుండదు.

ఇందులో రెండు కాగితాలు పెట్టాను. ఆ అంచుల మీద రాసినవాటిలో నాకు ఇంకా గుర్తున్నవి మొదటి కాగితంలో ఉన్నాయి, పంతొమ్మిది. గుర్తున్నట్టు అనిపించేవి రెండోదానిలో ఉన్నాయి. వాటిని కలపొద్దు. నేను రాసిన రిజిస్టరు బీరువా రెండో అరలో ఉంటుంది, మొదటి పేజీ ఖాళీ. అసలు పుస్తకం ఏమైందో, ఎవరు కాల్చారో, నా పేరుతో ఆ పేజీ మీద రాసి తేదీ వెయ్యి. నేను వచ్చి సంతకం పెడతాను. మే మొదటివారంలో వస్తున్నావని మీ అమ్మ అంది, రోజు ఖాయమైతే చెప్పు, మదనపల్లె బస్సుకు టికెట్టు తీసుకుంటాను.

పెద్దనాయన