సిజేరియన్ మచ్చలో గర్భం: డాక్టరైన మేనకోడలికి ఉత్తరం

అమ్మాయీ,

పాత సిజేరియన్ కోత మచ్చలోనే గర్భం నిలిచిన నీ పేషెంటు గురించి రాత్రి ఫోనులో నువ్వు అడిగినదానికి హడావిడిగా నాలుగు మాటలు చెప్పాను. ఆమెను నిలకడగా ఉండగానే పెద్దాసుపత్రికి పంపావని తెలిశాక నెమ్మదించాను. మిగిలినది ఇప్పుడు రాస్తున్నాను. తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఇలాంటి కేసు నీ దగ్గరకు మళ్లీ వస్తుంది.

నా ఉద్యోగం తొలి ఏళ్లలో ఒకామె ఏడో వారంలో రక్తం కనిపించి వచ్చింది. మొదటి కాన్పు సిజేరియన్. పొట్ట మీద చేసిన స్కానింగులో గర్భం పోతోందని రాశారు. నమ్మి, గర్భసంచి శుభ్రం చేద్దామని క్యూరెట్ (లోపల గీకి తీసే పరికరం) పట్టుకున్నాను. రక్తం ఆగలేదు. గర్భం నిలిచింది పాత కోత మచ్చలో. మచ్చ దగ్గర సరైన కండరం ఉండదు, ముడుచుకొని రక్తనాళాలను నొక్కలేదు. ఆ సంగతి నాకు ఆ గంటలోనే అర్థమైంది. ఆమె బతికింది కానీ గర్భసంచి తీసేయవలసి వచ్చింది. రెండో బిడ్డ కోసం మొక్కుకున్న మనిషి. ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అందుకే, పాత సిజేరియన్ ఉందంటే యోని మార్గంలో స్కానింగ్ చేయించకుండా పరికరం ముట్టుకోకు. గర్భసంచి లోపల ఖాళీ, గర్భాశయ ముఖద్వారం ఖాళీ, ముందు గోడ కింది భాగంలో పిండసంచి ఉంటే అనుమానించు. దానికీ మూత్రాశయానికీ మధ్య ఎంత మందం మిగిలిందో కొలిపించు. ఎనిమిదో వారం లోపే చూడాలి. తరువాత సంచి పైకి పెరిగి మామూలు గర్భంలాగే కనిపించి మోసం చేస్తుంది. కొందరికి నొప్పి, రక్తస్రావం ఏవీ ఉండవు.

వైద్యం ఒక్కటే అని లేదు. స్కానింగులో చూస్తూ సక్షన్‌తో, అంటే గొట్టంతో పీల్చి, తీయవచ్చు. సంచి మూత్రాశయం వైపు ఉబ్బితే లాపరోస్కోపీతోనో పొట్ట తెరిచో తీసి, మచ్చను బాగుచేసి కుట్టాలి. గర్భం ఎదుగుదలను ఆపే మందు మిథోట్రెక్సేట్‌ను పిండసంచిలోకే ఎక్కించే పద్ధతి ఉంది. గుండె కొట్టుకుంటున్న పిండానికి ఆ మందునే కండరంలోకి ఇచ్చే ఇంజెక్షన్ ఒక్కటే చాలుతుందని నమ్మకు. ఏది చేసినా రక్తం సిద్ధంగా ఉండాలి, లోపల ఉబ్బించి రక్తస్రావాన్ని నొక్కి ఆపే ఫోలీ బెలూన్ చేతికందాలి. ఆమె రక్తం గ్రూపు ఆర్‌హెచ్ నెగెటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ మరవకు.

మందు ఇచ్చాక రక్తంలో గర్భం హార్మోను బీటా హెచ్‌సీజీ పూర్తిగా తగ్గడానికి వారాలు పడుతుంది. ఇంటికి పంపేటప్పుడే ఆ మాట చెప్పు, లేకపోతే మధ్యలో రావడం మానేస్తారు. మిథోట్రెక్సేట్ తీసుకున్నవాళ్లు కనీసం మూడు నెలలు గర్భం దాల్చకూడదు.

గర్భం ఉంచుకుంటామని ఇంట్లో వాళ్లు పట్టుబట్టవచ్చు. ముందు ఆమెతో ఒంటరిగా మాట్లాడు. మాయ లోతుగా అతుక్కుపోవడం, గర్భసంచి పగలడం, ప్రాణాపాయం, ఏదీ దాచకు. మళ్లీ గర్భం వస్తే ఆరేడు వారాలకే స్కానింగ్ చేయించాలని చీటీ మీద రాసి ఇవ్వు.

నువ్వు పంపిన ఆమె బీటా విలువ తెలియగానే నాకు ఫోను చెయ్యి.

నీ అత్తయ్య