ఇన్‌స్టాలో ఒకలా, ఇంట్లో ఒకలా ఎందుకుంటారు?

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మన తెలుగు పిల్లలు ఇన్‌స్టాలో ఒకలా ఇంట్లో ఒకలా ఎందుకుంటున్నారు, జెండర్ మీద, అంటే తాము ఆడా, మగా, ఇంకొకటా అని పిల్లలు అనుకునేదాని మీద కూడా ఇన్‌స్టా ప్రభావం ఉందా అని అడిగారు కదా. అది నటన అని నేననుకోను. ఎవరు చూస్తున్నారో దాన్ని బట్టి మనిషి తన తీరు మార్చుకుంటాడని గాఫ్‌మన్ అనే సోషియాలజిస్టు 1950ల్లోనే చెప్పాడు.

ఫోన్‌తో వచ్చిన తేడా ఏంటంటే చూసేవాళ్ళందరూ ఒకేచోట ఉంటారు, కాలేజీలో ఒడియా ఫ్రెండ్స్, శ్రీకాకుళంలో మేనత్త, వీధిలో వాళ్ళు, అందుకే పోస్ట్ పెట్టేముందు పదిసార్లు ఆలోచించడం, లైకులు రాకపోతే తీసేయడం, దగ్గరివాళ్ళ కోసం రెండో అకౌంట్ తెరవడం, ఒకచోట ఒడియా క్యాప్షన్ ఇంకోచోట తెలుగు. ఈ జాగ్రత్త ఆడపిల్లలకే ఎక్కువ, ఎవరు స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లో చూపిస్తారో అని భయం, మగపిల్లలు జిమ్ ఫొటోలు పెడితే మాత్రం ఎవరూ ఏమీ అనరు, ఇది చాలా అన్యాయం.

జెండర్ సంగతికొస్తే, రీల్స్ చూసి పిల్లలు మారిపోతున్నారనే మాట నేను ఒప్పుకోను. లోపల ఎప్పట్నుంచో ఉన్నదాన్ని చెప్పుకోడానికి మాటలు దొరుకుతాయి, తనలాంటివాళ్ళు కనిపిస్తారు, చిన్న ఊళ్ళో అది పెద్ద ఊరట. 2014 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ అమెరికాలో ఆడ, మగ కాకుండా ఇంకా చాలా ఆప్షన్లు పెట్టింది, అదే ఏడాది ఏప్రిల్ 15న మన సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లని థర్డ్ జెండర్‌గా గుర్తించి, ఎవరి జెండర్ వాళ్ళే చెప్పుకునే హక్కుందని తీర్పిచ్చింది. కానీ అదే ఫోన్లో బూతు కామెంట్లు కూడా వస్తాయి, ఆ భయంతోనే చాలామంది ప్రొఫైల్‌లో మొహం పెట్టరు.