బోల్టులన్నీ కూర్చున్నాయి, బండి మాత్రం వణుకుతోంది

ప్రశ్న: మా మామ చాలా ఏళ్ల కిందట చెన్నైలో కొన్న 1966 ఫోర్డ్ మస్టాంగ్ ఇప్పుడు మా దగ్గర ఉంది. 289 వీ8 ఇంజన్, దానికి వచ్చింది సీ4 ఆటోమేటిక్ గేర్ బాక్స్. అది స్లిప్ అవుతోందని అమెరికాలో ఉన్న మా బావమరిదికి చెబితే 1989 మస్టాంగ్‌ది టీ5 అయిదు గేర్ల బాక్సు, దాని బెల్ హౌసింగ్, ఫ్లైవీల్, క్లచ్ సెట్టు, పెడల్, కేబుల్ అన్నీ కలిపి పంపించాడు. ఇక్కడే ఒక షెడ్డులో బిగించారు, అన్నీ చక్కగా కూర్చున్నాయి. కానీ 2,000 ఆర్పీఎం దాటితే బండంతా వణుకుతోంది, నిలబెట్టి న్యూట్రల్‌లో రేస్ చేసినా అంతే. పొద్దున పూట మొదటి, రెండో గేర్లు బలంగా నెడితే తప్ప పడవు, రివర్స్ గరగరమంటుంది. పంపిన బాక్సే పాడైందని మెకానిక్ అంటున్నాడు. ఇంకోటి తెప్పించాలా? బెంగళూరు వెళ్లాలంటే మొగిలి ఘాట్ ఎక్కాలి, ఈ బాక్సుతో వెళ్లొచ్చా?
— ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: ముందు ఆ ఇంజన్ స్టార్ట్ చేయడం ఆపేయండి, ఈ పేజీ చదవడం పూర్తయ్యాక కూడా చేయకండి. ఇంకో బాక్సు తెప్పించొద్దు. మీరు రాసినదాన్ని బట్టి వణుకు గేర్ బాక్సుది కాదు, ఇంజన్ వెనక తిరిగే ఆ బరువైన చక్రం, ఫ్లైవీల్‌ది.

ఎందుకంటే 289 ఇంజన్ క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) దానంతట అదే పూర్తిగా బ్యాలెన్స్ అయి ఉండదు. కొంత బరువును క్రాంక్ ముందు కొసనుండే చక్రం, అంటే డ్యాంపర్‌లో, కొంత బరువును వెనక ఫ్లైవీల్‌లో (ఆటోమేటిక్ అయితే ఫ్లైవీల్ బదులు ఉండే ఆ పల్చటి ప్లేటులో) కావాలనే ఒక పక్కకు పెట్టి కంపెనీ లెక్క సరిచేసింది. మీ 1966 ఇంజన్‌కి ఆ లెక్క 28 ఔన్స్-అంగుళాలు (బరువును, అది మధ్య నుంచి ఉన్న దూరంతో గుణించిన కొలత). 80లలో అదే కుటుంబం 302 ఇంజన్‌కి క్రాంక్ మార్చి ఆ లెక్కను 50 చేశారు, కాబట్టి మీ బావమరిది పంపిన 1989 ఫ్లైవీల్ 50ది. బోల్టు రంధ్రాలు అవే, 157 పళ్ల రింగూ అదే, అందుకే ఏ అడ్డూ లేకుండా కూర్చుంది. ముందు 28, వెనక 50 పెట్టుకుని తిరిగితే ఇంజన్ వణకక ఏం చేస్తుంది! అలాగే నడిపితే మెయిన్ బేరింగులు పోతాయి, క్రాంకుకే ముప్పు.

మీరే చూసుకోవచ్చు. పాత ఆటోమేటిక్ ప్లేటు తుక్కులో పడేయకుండా ఉంటే (దయచేసి వెతకండి) దాని పక్కన కొత్త ఫ్లైవీల్ పెట్టి, ఒక పక్కకు ఉండే ఆ అదనపు బరువు రెండింటిలో ఎంతెంత ఉందో పోల్చండి, తేడా కంటికే తెలుస్తుంది. మందు ఒక్కటే, 28 ఔన్సులది, 157 పళ్లది ఫ్లైవీల్ తెప్పించుకోవడం. లేత్ మీద పెట్టి అందాజుగా రంధ్రాలు కొట్టి బరువు తగ్గిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అది డైనమిక్ బ్యాలెన్సింగ్ మెషిన్ మీద చేసే పని.

ఇక గేర్లు గట్టిగా పడటం. ఇది వేరే జబ్బు, రెండూ కలిపి చూడబట్టే మీ మెకానిక్ పొరబడ్డాడు. బాక్సు పక్కనున్న ఫిల్లింగ్ ప్లగ్ తీసి వేలు పెట్టి చూడండి. నల్లగా, చిక్కగా, గంధకం వాసన వస్తుంటే అందులో 90 ఆయిల్ పోశారని అర్థం. మన దగ్గర లారీ అయినా ట్రాక్టరయినా జీపయినా గేర్ బాక్సు అనగానే చెయ్యి 90 డబ్బా మీదికే పోతుంది, వాళ్లను తప్పుపట్టలేను. కానీ 1989 నాటి టీ5లో సింక్రో రింగులకు (గేరు పడేముందు వేగాలు కలిపేవి) లోపల పీచులాంటి పొర ఉంటుంది, దానికి కావలసింది ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ బాక్సుల్లో పోసే ఆ ఎర్రటి పల్చటి ఆయిల్. చిక్కటి ఆయిల్‌లో, అదీ పొద్దున చల్లగా ఉన్నప్పుడు, ఆ రింగులు పట్టవు. రాత్రంతా కారనిచ్చి, కొత్త ఏటీఎఫ్ పోసి ఒకసారి కడిగి, మళ్లీ ప్లగ్ రంధ్రం అంచు దాకా నింపండి.

ఆయిల్ మార్చినా రివర్స్ గరగరమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు గేర్లు సులువుగా పడి, నడుస్తున్నప్పుడే మొరాయిస్తే అనుమానమే అక్కర్లేదు. కేబుల్ సర్దుబాటు ఒకటి, క్లచ్ ప్లేటు తిప్పి వేశారా అన్నది ఇంకొకటి (స్ప్రింగులున్న వైపు ప్రెజర్ ప్లేటు వైపుకే ఉండాలి). అన్నిటికంటే ముఖ్యం పైలట్ బుష్. ఆటోమేటిక్ బండికి క్రాంక్ చివర బుష్ ఉండదు, అక్కడ కన్వర్టర్ (ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు ఉండేది) బొడ్డు కూర్చుంటుంది. మాన్యువల్ పెట్టేటప్పుడు బుష్ కొట్టాలి, కొట్టారో లేదో మీరు రాయలేదు. అది లేకపోతే బాక్సు నుంచి ముందుకొచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్ కొసకు ఆసరానే ఉండదు. ఎలాగూ ఫ్లైవీల్ కోసం బాక్సు దించాలి కదా, అప్పుడు చూడండి.

దించినప్పుడే ఇంకో పని. డయల్ గేజ్‌ని (సన్నటి కదలికను ముల్లుతో చూపే పరికరం) ఫ్లైవీల్‌కి బిగించి, బెల్ హౌసింగ్ (ఇంజన్‌కీ బాక్సుకీ మధ్యనుండే గంటలాంటి గూడు) మధ్య రంధ్రం లోపలి అంచు మీద దాని మొన ఆనించి, క్రాంకును చేత్తో ఒక చుట్టు తిప్పండి. ముల్లు మొత్తం కదలిక 5 థౌ, అంటే 0.005 అంగుళం దాటకూడదు. దాటితే బెల్ హౌసింగ్‌ని ఇంజన్ మీద కుదురుగా నిలిపే పిన్నుల్లోనే కాస్త పక్కకు జరిపేవి, ఆఫ్‌సెట్ డోవెల్ పిన్నులు, దొరుకుతాయి, చూపిన కదలికలో సగం పక్కకు జరిపితే సరిపోతుంది. చాలామంది ఈ పని వదిలేస్తారు, నేనూ ఒకప్పుడు వదిలేశాను. చిత్తూరులో మామిడికాయలు తోలే జీపుకి వేరే బండి గేర్ బాక్సు పెట్టి, మధ్యలోకి లేత్‌లో ప్లేటు కొట్టించాం. ప్లేటు రంధ్రం కాస్త పక్కకు పోయిందని తెలిసేలోగా ఇన్‌పుట్ బేరింగ్ పోయింది, అదీ సరిగ్గా కాయల సీజన్‌లో. ఆ ఇంటాయన ముఖం ఇంకా గుర్తుంది. ఇంకోమాట, బాక్సు చివరి అరంగుళం లోపలికి పోకపోతే బోల్టులు బిగించి లాగొద్దు, టీ5 ఒళ్లు అల్యూమినియం, చెవులు విరుగుతాయి.

పాత సీ4ని అమ్మకండి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో 50 ఏళ్లు దాటిన బండికి వీఏ అక్షరాలతో వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. బండి అసలు రూపంలోనే ఉండాలన్నది షరతు, అలాంటి బండిని రోజువారీ వాడకానికి తిప్పకూడదు కూడా. రేపు మీరు ఆ దారి ఎంచుకుంటే వెనక్కి మార్చుకునే వీలుండాలి, అందుకే టన్నెల్ రేకు (బాక్సు మీదుగా ఉబ్బి ఉండే నేల రేకు) కోయనివ్వకండి, తీసిన ప్రతి బోల్టూ సంచిలో వేసి పేరు రాసి పెట్టండి.

మొగిలి ఘాట్ సంగతి. ఇవన్నీ సరిచేశాక నిశ్చింతగా ఎక్కండి. సీ4 మొదటి గేరు 2.46 అయితే దీనిది 3.35, ఎత్తులో బండి ఎత్తుకోవడం ఇదివరకటి కంటే హాయిగా ఉంటుంది. అయిదో గేరు మాత్రం 0.68. మీ వెనక క్రౌన్ (వెనక ఇరుసులోని గేరు) 2.80 రేషియోది అయితే, అయిదో గేరులో 80 కిలోమీటర్ల వేగానికి ఇంజన్ దాదాపు 1,300 ఆర్పీఎంలోనే ఉంటుంది, ఆ స్థితిలో కొండ ఎక్కించమంటే మూలుగుతుంది. బంగారుపాళెం దాటి ఘాట్ మొదలయ్యే ముందే మూడుకు దించుకోండి, పలమనేరు వైపు చదును వచ్చాక అయిదు వేసుకోవచ్చు.