డాక్టర్ సలహా: బాగై ఇంటికొచ్చిన తమ్ముడు మూడో వారంలో మళ్లీ ఎందుకిలా అయ్యాడు?

ప్రశ్న: మాది గుంతకల్లు. తమ్ముడికి 23 ఏళ్లు. నెలన్నర కిందట స్నేహితుల రూములో టపెంటడాల్ అనే నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు కలిపి మింగాడట. పొద్దున ఎంత లేపినా లేవలేదు. ఆస్పత్రిలో మూడు రోజులు వెంటిలేటర్‌పై ఉంచారు. తలకు తీసిన సీటీ స్కాన్ బాగానే ఉందన్నారు. వారానికల్లా మామూలుగా ఇంటికొచ్చాడు, బైక్ కూడా నడిపాడు. మూడో వారం నుంచి మాట తగ్గింది. పిలిస్తే ఎంతోసేపటికి గానీ పలకడు. బిగుసుకుని నడుస్తున్నాడు, బట్టల్లోనే మూత్రం పోసుకుంటున్నాడు. మళ్లీ మాత్రలు మొదలుపెట్టాడని నాయన రోజూ తిడుతున్నాడు. గాలి సోకింది, కసాపురం ఆంజనేయస్వామి గుడిలో నిద్ర చేయించండి అని అవ్వ అంటోంది. ఏం చేయాలి?
- ఒక సోదరి

జవాబు: ముందు నాయన తిట్లు ఆపించండమ్మా. మాత్రల మత్తయితే గంటల్లో దిగుతుంది, మహా అయితే రెండు మూడు రోజులు. ఇలా రోజురోజుకీ ముదురుతూ పోదు. ఆ రాత్రి ఆక్సిజన్ అందక మెదడుకు తగిలిన దెబ్బ ఇప్పుడు బయటపడుతోందని నా అనుమానం. దీన్ని డిలేయ్డ్ పోస్ట్ హైపాక్సిక్ ల్యూకోఎన్‌సెఫలోపతి అంటాం. పేరుకు నోరు తిరగదు గానీ విషయం అర్థం కానిదేం కాదు.

టపెంటడాల్ మార్ఫిన్ తరహా మందు. నొప్పితో పాటు, ఊపిరి తీయమని చెప్పే మెదడు భాగాన్నీ నెమ్మదింపజేస్తుంది. దానికి నిద్ర మాత్ర తోడైతే ఊపిరి మరీ పలచబడుతుంది. మన బరువులో మెదడు 2 శాతమే, కానీ ఒంటికి అందే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే కావాలి. పూర్తిగా ఆగిపోతే నాలుగైదు నిమిషాల్లోనే కణాలు చచ్చిపోతాయి. మీ తమ్ముడికి పూర్తిగా ఆగి ఉండదు. గంటల తరబడి అరకొరగా అంది ఉంటుంది.

మీ వైపు బోరు మోటార్ల సంగతి తెలియని ఇల్లుండదు. లో ఓల్టేజీలో నడిపిన మోటారు ఆ రోజుకు నీళ్లు పోస్తుంది. లోపల వైండింగ్ మీది పూత మాడిపోయి, కొన్నాళ్లకు మొరాయిస్తుంది. మెదడులోని నరాల తీగలకూ మైలిన్ అనే పూత ఉంటుంది. దాన్ని తయారుచేసే కణాలు దెబ్బతింటే పాతది అరిగిపోతుంది, దాని స్థానంలో కొత్తది రాదు. అందుకే మధ్యలో ఒకటి నుంచి నాలుగు వారాలు మనిషి బాగున్నట్టే కనిపిస్తాడు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుని, ప్రాణాలతో బయటపడ్డవాళ్లలోనూ ఇదే వరస చూస్తాం.

అప్పటి సీటీ బాగుందన్న ధీమా వద్దు. ఇప్పుడు కావాల్సింది ఎమ్మారై. ఈ జబ్బే అయితే మెదడుకు రెండువైపులా తెల్లపదార్థంలో, అంటే మైలిన్ పూత ఉన్న ఆ తీగలుండే భాగంలో, సమానంగా మార్పు కనిపిస్తుంది. ఫిట్స్ లోలోపల వస్తున్నాయేమో చూడ్డానికి ఈఈజీ, థైరాయిడ్, బీ12 పరీక్షలు కూడా చేయిస్తారు. నాయన అనుమానం తీర్చడానికి మూత్ర పరీక్షకు పోకండి. మామూలు కిట్లలో టపెంటడాల్ సాధారణంగా దొరకదు, నెగటివ్ వచ్చినా ఆయన నమ్మడు. ఎమ్మారై ఫిల్మే చూపించండి.

మైలిన్‌ను మళ్లీ మొలిపించే మందంటూ లేదు. బిగుసుకుపోవడానికి, మందకొడితనానికి కొందరికి పనిచేసే మాత్రలున్నాయి, న్యూరాలజిస్ట్ చూసి రాస్తారు. పిచ్చి అనుకుని ఎవరైనా ఇచ్చిన మానసిక రోగాల మందులు సొంతంగా వేయకండి, వాటిలో కొన్నిటితో బిగుతు ఇంకా పెరుగుతుంది. అసలు వైద్యం ఫిజియోథెరపీ, ఓపిక. కూర్చోబెట్టే తినిపించండి, నీళ్లకు పొలమారుతుంటే వెంటనే డాక్టర్‌కు చెప్పండి. మంచం పట్టినవాళ్లు ఎక్కువగా పోయేది న్యుమోనియాతో, పుండ్లతోనే. బైక్ తాళాలు దాచేయండి.

ఎన్నాళ్లంటారా? వారాల మాట కాదు, నెలల మాట. ఆరు నెలలు, ఏడాదికి లేచి తిరిగి, మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు. జ్ఞాపకశక్తి, ఒక పని పద్ధతిగా చేసుకునే నేర్పు, కోపం అణుచుకోవడం... ఇవి కొందరిలో పూర్తిగా వెనక్కి రావు. ఇది ముందే తెలిసి ఉండటం మంచిది.

ఆ రూములో ఉన్న పిల్లలను కోప్పడకుండా ఒకటి అడగండి: రాత్రి గట్టిగా గురకపెట్టాడా అని. ‘బాగా నిద్రపట్టింది అనుకున్నాం’ అనే చెబుతారు, చాలా కేసుల్లో నేను వినేది అదే. అది నిద్ర కాదు. నాలుక వెనక్కి జారి, గాలి దారి మూసుకుంటున్న చప్పుడు. లేపినా లేవకుండా అలా గురకపెడుతుంటే, పెదాలు నీలంగా మారుతుంటే, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. మార్ఫిన్ తరహా మందులకు విరుగుడైన నలోక్సోన్ ఇంజెక్షన్ సమయానికి పడితే నిమిషాల్లో ఊపిరి తిరిగొస్తుంది. పోలీసులంటూ భయపడి పిల్లలు తెల్లారేదాకా కూర్చుంటారు. స్వచ్ఛందంగా చికిత్సకొచ్చిన బాధితులకు వాడకం, కొద్దిపాటి సరుకు కేసుల్లో 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్)లోని 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తోందని వాళ్లకు ఎవరూ చెప్పరు.

తమ్ముడు కోలుకున్నాక అలవాటు సంగతి వదిలేయకండి. ఇన్నాళ్లు మానేసిన ఒంటికి పాత మోతాదే ప్రాణాంతకం. వ్యసనాల చికిత్సకు 14446 హెల్ప్‌లైన్ ఉచితం.

అవ్వ మాటా కాదనకండి. కసాపురం మీకు దగ్గరే కదా, స్వామికి దండం పెట్టుకుని అటునుంచి అటే కర్నూలు పెద్దాసుపత్రి న్యూరాలజీ విభాగానికో, బెంగళూరు నిమ్హాన్స్‌కో బయలుదేరండి. నిద్ర చేయించడం తర్వాత చూసుకోవచ్చు. డిశ్చార్జ్ సమ్మరీ, సీటీ ఫిల్మ్, ఆ రాత్రి మింగిన మాత్రల ఖాళీ షీట్లు దొరికితే అవీ సంచిలో పెట్టుకోండి.